పదకొండేళ్ళ దుబాసీ

సూరత్ నగరంలో స్థిరపడిన తెలుగువారికీ, అక్కడి గుజరాతీలకూ కొన్ని మాటలు ఉమ్మడి ఆస్తి. కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుంచి మగ్గాన్ని నమ్ముకొని వలస వచ్చిన పద్మశాలి వైద్యశాలను దవాఖాన అంటాడు. గుజరాతీవాడు దవాఖానుం అంటాడు. మాత్ర ఇతనికి గోలీ, అతనికి గోళీ. ఉబ్బసం ఇతనికి దమ్ము, అతనికి దమ్. ఇన్ని మాటలు కలిసినచోట ఇక చిక్కేమున్నదని ఎవరికైనా తోచవచ్చు. చిక్కంతా దవాఖాన గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టిన తరువాతనే.

గుజరాతీలో ‘దుఖే ఛే’ అంటే నొప్పిగా ఉన్నదని అర్థం. తెలుగు చెవికి అది దుఃఖంగా వినిపిస్తుంది. పొట్ట పట్టుకొని వచ్చిన మనిషిని డాక్టరు ‘ఎక్కడ దుఃఖం?’ అని అడిగినట్లు తోస్తుంది. అక్కడ జ్వరాన్ని ‘తావ్’ అంటారు. మనకు తావు అంటే చోటు. తల తిరగడాన్ని ‘చక్కర్’ అంటారు. ఆ మాట వినగానే తనకు చక్కెర వ్యాధి వచ్చిందని బెంబేలెత్తని తెలుగు ఇల్లాలు ఉండదు. పూర్తిగా తెలియని మాట అంత ప్రమాదకరం కాదు. మనిషి అక్కడ ఆగి మళ్ళీ అడుగుతాడు. తెలిసినట్లుండే మాటే మోసం చేస్తుంది.

నగరానికి దక్షిణాన ఉధనా దర్వాజాకు సమీపంలో ఉన్న ఖటోదరా కార్ఖానాల పేట. ఇక్కడ వైద్యం దూరాభారం కాదు. 1964లో స్థాపితమైన ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధమైన న్యూ సివిల్ ఆసుపత్రి మజూరా గేటు వద్ద, నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే ఉన్నది. వీధికొక చిన్న దవాఖాన కూడా ఉన్నది. ఏ దవాఖాన వరుసలో చూసినా గంజాం నుంచి వచ్చిన ఒడియా కార్మికుడు, ఖాందేశ్ మరాఠీ కుటుంబం, ఉత్తరప్రదేశ్, బీహార్‌ల కూలీలు, వారి నడుమ తెలంగాణ నేత కార్మికుడు కనిపిస్తారు. పాస్‌పోర్టు అక్కరలేని పరదేశమిది. మగవారికి దక్కనీ మాట అలవాటున్నది గనుక హిందీ త్వరగానే పట్టుబడుతుంది. అయితే ఏళ్ళ తరబడి మరమగ్గాల మోతలో నిలబడిన మనిషికి భాష వచ్చినా చెవి మందగిస్తుంది. ఆడవారు ఇంట్లోనే కూర్చుని చీరలకు రాళ్ళు అంటిస్తూ, వేలాడే దారాలు కత్తిరిస్తూ ఉంటారు. వారికి ఇరుగుపొరుగు తెలుగే లోకం. కాబట్టి దవాఖానకు వెళ్ళవలసి వచ్చినప్పుడు తల్లి వెంట బడికి వెళ్ళే బిడ్డ నడుస్తుంది.

సిరిసిల్ల దాపుల నుంచి కాపురానికి వచ్చి పదమూడేళ్ళు గడిచిన ఒక ఇల్లాలు ఇలాగే తన పదకొండేళ్ళ కూతురిని వెంటబెట్టుకొని వీధి చివరి దవాఖానకు వెళ్ళింది. కొన్ని నెలలుగా ఆమెకు నెలసరి రక్తస్రావం విపరీతంగా ఉన్నది. ఆ సంగతి కూతురికి చెప్పలేదు. చిన్నపిల్లతో చెప్పించే మాట కాదని ఆమె అభిప్రాయం. ఏ తల్లి అభిప్రాయమైనా అదే.

“కండ్లు తిరుగుతున్నయని చెప్పు బిడ్డా. పిక్కలు గుంజుతున్నయని చెప్పు.”

పిల్ల మొదటిది చెప్పింది: “చక్కర్ ఆవే ఛే.” రెండవదానికి మాట దొరకక, కాళ్ళు ‘దుఖే ఛే’ అన్నది. డాక్టరు మంచివాడే. బయట యాభైమంది వేచి ఉన్నా, అడగవలసిన ప్రశ్న మరువలేదు.

“మాసిక్ నియమిత్ ఆవే ఛే?”

గుజరాతీలో ‘మాసిక్’ అంటే నెలసరి. అది సక్రమంగా వస్తున్నదా అని అతని ప్రశ్న. పిల్లకు తెలిసిన మాసిక్ వేరు. బడిలో నెలనెలా పెట్టే పరీక్షను పంతులమ్మ ‘మాసిక్ కసోటీ’ అంటుంది. ఈ పత్రికను చేతబట్టిన పాఠకునికైతే మాసిక అంటే మరొకటి స్ఫురించవచ్చు. తల్లికి వినిపించినది మాత్రం మాసికం, చనిపోయినవారికి నెలనెలా పెట్టే పిండం. ఆమె అత్తగారు పోయి అప్పటికి ఏడాది. ఇంట్లో చావు జరిగిందా, ఆ దిగులుతో ఇలా అయిందా అని డాక్టరు అడుగుతున్నాడనుకొన్నది.

“మీ నాయనమ్మ పోయినంక నెలనెలా తప్పకుండ పెట్టినమని చెప్పు.”

పిల్ల అందులోనుంచి తనకు అర్థమైన నాలుగు అక్షరాలు ఏరుకొన్నది: “హా, దర్ మహినే.” అవును, ప్రతి నెలా. డాక్టరు చీటీ మీద ఋతుక్రమం సక్రమమని ఇంగ్లీషులో రాసి, రక్తం పట్టడానికి గోళీలు ఇచ్చాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

పిల్ల తెలివితక్కువదేమీ కాదు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు మాధ్యమాలలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నది. తెలుగు బడిలో వేస్తే బిడ్డకు తల్లి మాట నిలుస్తుంది. గుజరాతీ బడిలో వేస్తే ఊరి మాట వస్తుంది. ఈ దంపతులు రెండవదే ఎన్నుకొన్నారు, ఇంట్లో ఒకరికైనా ఊరి మాట రావాలని. అందువల్ల పిల్లకు గుజరాతీ వచ్చింది కాని అది పాఠ్యపుస్తకపు గుజరాతీ. తెలుగు వచ్చింది కాని అది వంటింటి తెలుగు. నొప్పి ఈ రెండింటికీ వెలుపల ఉంటుంది. గడ్డ పండేటప్పుడు సలుపు, డొక్కలో పోటు, పిక్కల్లో గుంజు, జ్వరం రాబోయే ముందు ఒళ్ళంతా తీపులు. గుజరాతీ కూడా ఈ విషయంలో బీద భాష కాదు. ఒంటి నొప్పులకు ‘కళతర్’, పోటుకు ‘సణకా’, మంటకు ‘బళతరా’ ఉన్నవి. ఇటు నాలుగు మాటలు, అటు నాలుగు మాటలు, మధ్యలో పిల్లకు తెలిసినది ఒక్క ‘దుఖే ఛే’. ఇక ‘వేడి చేసింది’ అన్న మాటను ‘గర్మీ’ అని మారిస్తే వినేవాడు ఎండల సంగతి అనుకొన్నా ఆశ్చర్యం లేదు.

ఇటువంటి పొరపాటు ఒక్క సూరత్ సొత్తు కాదు. 1980లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో పద్దెనిమిదేళ్ళ క్యూబన్ యువకుణ్ణి స్పృహలేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. తిన్నదేదో వికటించిందన్న భావంతో కుటుంబంవారు స్పానిష్‌లో ‘ఇన్‌టాక్సికాడో’ అన్నారు. వైద్యులు ఆ మాటను ఇంగ్లీషు చెవితో విని, మత్తు పదార్థాలు సేవించాడని భావించి దానికే చికిత్స చేశారు. నిజానికి మెదడులో రక్తస్రావం జరుగుతున్నది. ప్రాణం దక్కింది కాని కాళ్ళూ చేతులూ పడిపోయినవి. ఆస్ట్రేలియా 1973లోనే టెలిఫోను ద్వారా దుబాసీల సేవ ప్రారంభించింది. అమెరికా 2016లో, అత్యవసర పరిస్థితిలో తప్ప మైనరు పిల్లల చేత రోగికి దుబాసీ పని చేయించరాదని నియమం తెచ్చింది. మన ఆసుపత్రుల్లో ఆ పని సాధారణంగా వరుసలో పక్కన నిలబడినవారి మీద పడుతుంది. 2005లో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ 2007లో గుజరాత్‌కు వచ్చింది. నంబరు రెండుచోట్లా ఒకటే. పలికే గొంతు మాత్రం మారుతుంది.

భాష కుదరనివారు రైలెక్కుతారు. అహ్మదాబాదు నుంచి చెన్నై వెళ్ళే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్ మీదుగా వరంగల్ చేరుతుంది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాదిమంది సూరత్‌ను విడిచినప్పుడు వలస కార్మికులెందరో ఇలాగే స్వస్థలాల దారి పట్టారు. మామూలు రోజులలో కూడా కాన్పుకో, ఆపరేషనుకో, అర్థంకాని నొప్పికో వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిదాకా వెళ్ళివచ్చేవారున్నారు. కూలీ పోతుంది, టిక్కెట్టు ఖర్చు అవుతుంది, అయినా అక్కడ గుంజుతున్నదంటే గుంజుతున్నదనే రాసుకొంటారు.

ఖటోదరా ఇల్లాలు ఊరికి వెళ్ళలేదు. నాలుగు నెలలు గోళీలు మింగింది. ఒక సాయంత్రం నీళ్ళ బిందె ఎత్తబోయి పడిపోయింది. ఆ వీధిలోనే షోలాపూర్ నుంచి వచ్చిన పద్మశాలి స్త్రీ ఒకామె ఆయాగా పనిచేస్తున్నది. తెలుగు, మరాఠీ, గుజరాతీ మూడూ ఆమెకు సమానం. ఈసారి పెద్దాసుపత్రికి ఆమె తోడు వెళ్ళింది. పిల్లను తలుపు బయట బల్ల మీద కూర్చోబెట్టారు. పాత చీటీలో రాసి ఉన్నది చదివి లేడీ డాక్టరు అదే ప్రశ్న వేసింది. ఆయా దానిని తెలుగులో అడిగింది: “బట్టలు ఎన్ని మారుస్తున్నవు రోజుకు?” ఆ ఇల్లాలు తల వంచుకొని లెక్క చెప్పింది.

స్కానింగులో గర్భాశయంలో గడ్డ కనబడింది. రెండు సీసాల రక్తం ఎక్కించి ఆపరేషనుకు తేదీ ఇచ్చారు. అంగీకార పత్రం గుజరాతీలో ఉన్నది. ఆయా దానిని పంక్తి తరువాత పంక్తిగా తెలుగులో చదివి వినిపించింది. మధ్యలో రెండుచోట్ల ఆ ఇల్లాలు ఆపి, మళ్ళీ చెప్పమన్నది. తరువాత కలం అందుకొని తెలుగులో సంతకం చేసింది.