రెబెక్కాను చూపించాలంటే

రహమత్ నగర్ నుంచి పెద్దవాళ్లను సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లేవాళ్లకు ఒక మాట. కారు వద్దండీ. అఫ్జల్‌గంజ్ వైపు పార్కింగ్ వెతికేసరికే వాళ్ల ఓపిక అయిపోతుంది. యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎంజీబీఎస్‌లో దిగండి. స్టేషన్లలో లిఫ్టులున్నాయి. అక్కణ్నుంచి ఆటో. శుక్రవారం మ్యూజియానికి సెలవు.

నా బెంగంతా ఆటో దిగాక గేటు దాకా ఉండే ఆ కాస్త దూరం గురించే. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున్న ర్యాంపు ఉంటేనే చక్రాల కుర్చీ భయం లేకుండా ఎక్కుతుంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది, మన ఫుట్‌పాత్‌లు మాత్రం మారలేదు.

మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్న ఆ మేలిముసుగు రెబెక్కా శిల్పాన్ని మా అమ్మ కళ్లారా చూడాలి. ఈమధ్య చక్రాల కుర్చీతో వెళ్లినవాళ్లెవరైనా ఉంటే, ఎక్కడ దిగితే సులువో కింద రాయండి.