పెరటి దడి

ఇంటికి ముంగిలి యెంత ముఖ్యమో పెరటి దడియు నంత ముఖ్యము. ముంగిలిని చూచువారు పదిమంది. దడిని చూచుకొనువారు ఇంటివారొక్కరే. అందుచేతనే కాబోలు, ముంగిలికి ఏటేట రంగు పడును. దడిమీద మాత్రము అది కూలిన నాడే మన చూపు పడును. మల్లేశ్వరములోని మా యింటి దడి విషయమున మాకు కలిగిన అనుభవమును సాటి తెలుగు కుటుంబముల వారితో పంచుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. చెప్పబోవునది కొయ్యను గూర్చి. నడుమ నడుమ మన సంగతియు వచ్చును.

బెంగుళూరు పుట్టుకయే ఆవరణముతో జరిగినది. 1537లో కెంపేగౌడ మట్టికోట కట్టించి పేటను నెలకొల్పెను. 1791 మార్చిలో కారన్‌వాలిస్ సేనలు ముట్టడించినపుడు ఆ పేటచుట్టు కందకమే గాక దట్టముగ పెంచిన ముళ్లపొదలును ఉండెను. అనగా ఊరికే ఒక పెద్ద దడి యుండెనన్న మాట. 1898 నాటి ప్లేగు తరువాత జనము ఇరుకు పేటలు విడిచి మల్లేశ్వరము, బసవనగుడి వైపులకు తరలిరి. అచ్చటి యిండ్లకు విశాలమైన పెరడులు, కిటికీలమీద కొయ్య యల్లికతో కూడిన మంకీ టాపులు, ఎల్లలకు కొయ్యదడులు అమరినవి. వానిలో పెక్కు నేడు అంతస్తుల మేడలైనవి. మిగిలిన కొన్నింటిలో మాది యొకటి.

మా తాతగారు చిత్తూరు సీమనుండి వచ్చి యిచ్చట స్థిరపడిరి. దడికి అవతల ఒక కన్నడ కుటుంబము. ఉగాది యిరువురకును ఒక్కటే పండుగ గనుక, ఆనాడు మా పచ్చడి గిన్నె అటు పోవును, వారి ఒబ్బట్ల పళ్లెము ఇటు వచ్చును. మనము కంచె యన్నదానిని వారు 'బేలి' యందురు. కంచె చేను మేసిన సామెత మాత్రము ఉభయులకును కలదు.

కడచిన వర్షకాలమున గాలివాన వచ్చి మూడు గుంజలు విరిగి, దడి వారి పెరటివైపు ఒరిగినది. బాగుచేయువారి కొరకు వెదకితిమి. ఫోనులో పిలువగా వచ్చిన ఒక సంస్థవారి కుర్రవాడు ఫొటోలు తీసికొని పోయెను, మరల రాలేదు. రాజస్థానమునుండి వచ్చిన వడ్రంగి యొకడు, బీరువాల పనిలో మంచి నేర్పరి, దడిని చూచి, మట్టిలో పాతు పని తనకు రాదని మర్యాదగ చెప్పి సెలవు తీసికొనెను. రానిపనిని రాదని చెప్పినందుకు అతనిని మెచ్చుకొంటిమి.

ఇంతలో పొరుగింటి అబ్బాయి యొక మాట తెచ్చెను. ఎనిమిది అడుగుల సిమెంటు గోడ కట్టుదము, ఖర్చు చెరిసగము అనెను. దొంగల భయమున్నది, కుక్కలు దూరుచున్నవి. అతడు చెప్పినదానిలో న్యాయము లేకపోలేదు. మాలోను సగము మందికి ఆ మాట నచ్చినది. కాని గోడ యొకసారి లేచిన పిమ్మట దానిని దింపువారుండరు. గిన్నె అందించుటకు వీధి చుట్టి పోవలసి వచ్చును. అట్లు పోవుట రెండేండ్లు సాగును, మూడవయేట మానును. ఈ సంగతి ఎట్లు చెప్పుదుమా యని మేము తడబడుచుండగా ఆ యింటి అజ్జియే అడిగెను: "గోడె కట్టిదరె బసళె ఎల్లిగె హోగబేకు?" గోడ కట్టినచో బచ్చలితీగ యెక్కడికి పోవలెనని! దడి మాది, తీగ వారిది, ఆకు ఇరువురిది. అబ్బాయి నవ్వి, మంచి పనివాడు దొరికినచో దడియే ఉండనిండు అనెను.

పనివానికొరకు మైసూరు రోడ్డునందలి టింబర్ యార్డుకు పోయితిమి. అచ్చట ఒక అడితి ముందు మాలో మేము మాటలాడుకొనుచుండగా, హోసూరు వైపు ముసలి వడ్రంగి యొకడు విని, "మీరు తెలుగోళ్లా సామీ? ముందే చెప్పుండకూడదా!" అనెను. మరునాడు సంచితో వచ్చెను. విరిగిన గుంజలను ముట్టలేదు. నిలిచియున్న వానినే సుత్తితో తట్టి చెవియొగ్గి వినెను. గట్టికొయ్య ఖంగుమనును, గుల్లకొయ్య బొదబొదమనును. "కొయ్య చచ్చేది నేలకాడే సామీ," అని అతడు చెప్పెను. మాట నిజము. లోతున గాలి చాలదు, పైన తడి నిలువదు. కుళ్లు పుట్టించు బూజునకు కావలసిన గాలియు తడియు రెండును కూడునది నేలమట్టమున. చెదలకును అదియే ద్వారము.

తీసిన గుంజలలో రెండింటికి ఆకుపచ్చని చాయ యుండెను. నీళ్లు కాచుటకు పొయ్యిలో పెట్టబోగా అతడు వారించి, అది మందు పట్టిన కొయ్య, కాల్చరాదనెను. ఆ మందు కథ తెలుగువారు తెలిసికొనదగినది. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సొంటి కామేశంగారు 1933లో రాగి, క్రోమియము, ఆర్సెనిక్ లవణములు కలిపి కొయ్యను కాపాడు మందును కనిపెట్టిరి. రాగి బూజును అణచును. ఆర్సెనిక్ పురుగును చంపును. క్రోమియము ఆ రెండింటిని వానకు కరగిపోకుండ కొయ్యలో బంధించును. మూసిన ఇనుప గొట్టములో కొయ్యనుంచి, గాలి లాగివేసి, ఒత్తిడితో మందు ఎక్కించుట పద్ధతి. 'యాస్కూ' యను పేర అది దేశదేశములకు పోయి, అమెరికాలో టెలిఫోను స్తంభములను నిలబెట్టెను. అయినను ఆర్సెనిక్ విషమే గదా! 2003 ముగియుటతో ఆ దేశమున ఇండ్ల వాడుకకు దానిని నిలిపివేసిరి. కాల్చిన యెడల పొగలోను బూడిదలోను ఆ విషము వెలువడును. పిల్లలున్న యింట ముసలివాని మాట మాకు పెద్ద మేలు చేసినది.

మా పేటలోనే కాష్ఠ విజ్ఞాన సాంకేతిక సంస్థ కలదు. 1938లో నెలకొన్న అటవీ పరిశోధనశాల 1988లో అట్లు రూపొందినది. అచ్చట కొయ్యను గూర్చి పరిశోధించు పండితులున్నారు; పెరటిలోనికి వచ్చి తట్టి చూచు చేతులు మాత్రము నానాటికి తగ్గుచున్నవి.

మందుతో పనిలేని యుపాయము నతడే చెప్పెను. నేలలో రాతి కూసములు పాతి, కొయ్యగుంజలను వానికి బోల్టులతో బిగించి, కొయ్య అడుగు నేలకు జానెడు పైన నుండునట్లు చేయుట; గుంజ తలను ఏటవాలుగ కోసి నీరు నిలువకుండ చేయుట. రాళ్లు తెచ్చినవారును ఇంట తెలుగు మాటలాడు వడ్డెరలే. మా మనుమరాలు ఇంగ్లీషు బడిలో చదువుచున్నది; మేము తెలుగున పిలిచిన ఇంగ్లీషున పలుకును. ఆ నాలుగు దినములు ఆమె వడ్రంగి ప్రక్క కూర్చుండి ఒక్కొక్క పనిముట్టు పేరడిగెను. ఉలి తెలుగునను కన్నడమునను ఉలియే. రంపమును కన్నడమున గరగస యందురు. మన బాడిస వారికి బాచి. "దీని పేరేంది తాతా?" అని ఆమె తెలుగున అడుగుట మేము వింటిమి. మేము పుస్తకములు కొనియిచ్చి చేయలేని పనిని బడికి పోని యాతడు సంచి విప్పి చేసెను.

దడి నిలిచినది. ఖర్చు చెరిసగము పంచుకొంటిమి. కుక్కలు దూరకుండ అడుగున ఇనుపవల కొట్టించితిమి. అబ్బాయి కోరికపై ఒక అడుగు ఎత్తు పెంచితిమి. గిన్నె అందుటకు అజ్జి కొలత చూచి మరీ పెంచితిమి.

కొయ్యదడి యున్న గృహస్థులకు మా మనవి యొకటే. వానలకు ముందు గుంజలను ఒక్కసారి తట్టి చూడుడు. మొదట మన్ను చేరినచో తొలగింపుడు. పచ్చచాయగల పాతకొయ్యను పొయ్యిలో పెట్టకుడు. మరియు మీ యెరుకలో ఇట్టి పాత పనివారున్నచో, వారి యనుమతితో ఊరు పేరు మన సంఘపు పుస్తకమున వ్రాయించుడు. మా వడ్రంగి కుమారుడు కారు నడుపుచున్నాడు. ఆ ఉలి పట్టువారు వారి యింట మరి లేరు.