గుమ్మం వైపు చూపు

ముఖలింగం వెళ్లినవాళ్లు ఈ మాట వినే ఉంటారు. అక్కడి గుడిలో మధుకేశ్వరుణ్ణి ఏ పక్కనుంచి చూసినా స్వామి మనవైపే చూస్తున్నట్టుంటుందంటారు. చిన్నప్పుడు మా పెద్దనాన్న నన్ను భుజానెత్తుకుని అటూ ఇటూ తిప్పి చూపించారు. ముసలితనంలో ఆయనకే పక్షవాతమొచ్చి మాట పడిపోయింది. ఇక మంచంమీంచి చూపుతోనే మమ్మల్ని పిలిచేవారు. చెంబు వైపు చూస్తే దాహం. గుమ్మం వైపు చూస్తే ఏమిటో పెద్దమ్మకే తెలిసేది, మాకు అందేది కాదు.

అందుకే, ఫోను ముందు కెమెరాయే మన చూపు పట్టుకుంటుందని వినగానే ఆగలేకపోయాను. మొన్న శివరాత్రికి ఊరెళ్లినప్పుడు మేనల్లుడి ఐఫోనుని ఇత్తడి చెంబుకి ఆనించి, ఒకటిన్నర అడుగు దూరాన కూర్చున్నాను. 2024లో ఐఓఎస్ 18తో వచ్చిన సదుపాయమిది. తెరమీద ఒక్కో చుక్కా మెరుస్తుంది, దాన్ని కళ్లతో అనుసరించాలి. ఆ తరవాత ఎటు చూస్తే అటు గుర్తు కదులుతుంది, కాస్సేపు చూపు నిలిపితే నొక్కినట్టే. "తల కదపకు మావయ్యా!" అంటాడు వాడు. కదపకుండా ఉండలేకపోయాను.

కెమెరాకి దొరికే ఆనవాలు మన తెల్లగుడ్డు. చాలా జంతువుల కళ్లలో తెలుపు పైకి కనబడదు. మనకైతే నల్లగుడ్డు జరిగిన పక్క తెలుపు తగ్గి, రెండో పక్క పెరుగుతుంది. పెద్దమ్మ చదివిందీ అదే. యంత్రానికి ఆ చదువు నేర్పడానికి 2016లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులూ వాళ్లతో కలిసినవాళ్లూ దాదాపు 1,450 మంది ముఖాల్ని, ఫోన్లూ ట్యాబ్లెట్ల కెమెరాలతోనే, సుమారు 25 లక్షల చిత్రాలుగా పోగుచేశారు.

అయినా గురి కాస్త తప్పుతుంది. ఆ ఒకటిన్నర అడుగు దూరంలో ఒక్క డిగ్రీ తేడా అంటే తెరమీద 8 మిల్లీమీటర్లు. కీబోర్డులో అక్షరం గడి అంతకన్నా చిన్నది. ఇక మన గుణింతాలూ వత్తులూ కళ్లతో కొట్టమంటే మంచానున్న మనిషికి ఎంత శ్రమ! అందుకే నాకు గూగుల్ 2020లో తెచ్చిన 'లుక్ టు స్పీక్' పద్ధతి నచ్చింది. మాటలు ఎడమా కుడీ రెండు వరసల్లో ఉంటాయి. కావలసిన మాట ఉన్న వైపు చూస్తూపోతే జాబితా తగ్గుతూ వచ్చి చివరికి అదొక్కటే మిగులుతుంది, ఫోను దాన్ని పలుకుతుంది. ఆ మాటలు మనమే రాసుకోవచ్చు.

ఇప్పుడు మా వీధిలో ఇంకొకాయన అలాగే మంచానున్నారు. ఆయన కోసం ఓ కాగితంమీద రాయడం మొదలెట్టాను, ఒకప్పుడు ఆయన నోటివెంట వచ్చిన మాటల్లోనే: 'దాహమేస్తంది', 'బేగి రండి', 'అరుగుమీద కూకోబెట్టండి', 'ఏటీ వొద్దు'. పుస్తకాల తెలుగు పలికితే అది ఆయన గొంతెలా అవుతుంది?

పెద్దనాన్న గుమ్మం వైపు చూసే చూపు దగ్గరికొచ్చేసరికి నా కలం ఆగింది. వెళ్లి పెద్దమ్మనడిగాను.

"సంజియేళ అటు చూసీవోరు బావూ," అంది. "ఆవులొచ్చీసాయా అని."

కాగితంలో అయిదో మాటగా అదే రాశాను.