తాపీ తీరం నుంచి గోదారి గట్టుకు

నిషేధం ఉన్న సూరత్‌కు ఐదారు గంటల దూరంలో వైన్ రుచి చూడటాన్ని పాఠంలా చెప్పే సరస్సు ఉంది. రెండు చోట్లా ఉన్నది ఒకే చట్టం.

శుక్రవారం సాయంత్రం సూరత్ రింగ్ రోడ్ బట్టల మార్కెట్లలో షట్టర్లు దిగుతున్న వేళ కొన్ని కార్లు ఆగ్నేయం వైపు తిరుగుతాయి. దమన్ వెళ్లేవారి దారి ఇది కాదు. అది చౌక మందు కోసం హైవే మీద రెండు మూడు గంటల పరుగు. ఈ కార్లలో ఉన్నవారికి తొందర లేదు. భార్యాభర్తలు, వ్యాపార భాగస్వాములు, కాలేజీ నాటి మిత్రులు... గమ్యం నాసిక్ శివార్లలోని గంగాపూర్ జలాశయం. రెండు రోజుల బస, ద్రాక్షతోటల్లో నడక, ఐదారు రకాల వైన్ తలా ఒక గుక్క. కార్యక్రమం అంతే.

దూరం దాదాపు 230 కిలోమీటర్లు. చెరకు తోటలు, వఘయి దాటాక డాంగ్ జిల్లా టేకు అడవులు, ఆ తర్వాత మెలికల ఘాట్ రోడ్డు. కొండెక్కితే సాపుతారా. సర్పాల నివాసమని ఆ పేరుకు అర్థం. గుజరాత్‌కున్న ఈ వేసవి విడిదిలోనూ ఓ సరస్సుంది. పడవలున్నాయి, ఒడ్డున మొక్కజొన్న కంకులు కాల్చే బండ్లున్నాయి. గ్లాసులో మాత్రం నిమ్మరసమే. అక్కడి నుంచి నాలుగైదు కిలోమీటర్లు వెళితే హత్‌గఢ్ కోట కనిపిస్తుంది. అది మహారాష్ట్ర. అడవి అదే, కొండలవే. చట్టం కూడా అదే కావడం విచిత్రం.

1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం అప్పటి ఉమ్మడి బొంబాయి రాష్ట్రం కోసం చేసింది. 1960 మే 1న రాష్ట్రం రెండుగా విడిపోయినప్పుడు చట్టం ఇద్దరికీ వారసత్వంగా వచ్చింది. గుజరాత్ దాన్ని అక్షరాలా పట్టుకుంది. ఆరోగ్య కారణాలు చూపిన స్థానికులకు, బయటి నుంచి వచ్చిన అతిథులకు పర్మిట్లు ఇవ్వడం, 2023 డిసెంబర్‌లో గాంధీనగర్ దగ్గరి గిఫ్ట్ సిటీకి సడలింపు ప్రకటించడం మినహాయింపులు. మహారాష్ట్ర అదే చట్టాన్ని నిషేధం నుంచి అనుమతుల వ్యవస్థగా మార్చుకుంది. కాగితం మీద అక్కడా తాగేవాడికి పర్మిట్ ఉండాలి. ఒక రోజు పర్మిట్ కొద్ది రూపాయలకే దొరుకుతుంది. 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి వైన్‌ను సారా, విస్కీల వరస నుంచి తప్పించి రైతు పంటల వరసలో కూర్చోబెట్టింది.

నిజానికి వైన్ సూరత్‌కు కొత్త కాదు. 17వ శతాబ్దంలో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ వర్తకశాల ఉన్న రేవు అది. 1638లో అక్కడికి వచ్చిన జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో, కంపెనీ ఉద్యోగులు తాగే పంచ్ గురించి రాశాడు. ఐదు దినుసులు కలుపుతారు కనుక మన 'పాంచ్' నుంచే ఆ పేరు వచ్చిందని ప్రచారంలో ఉన్న మాట. ఆ శతాబ్దం చివర్లో వచ్చిన ఓవింగ్టన్ వారి భోజనాల బల్ల మీద పర్షియా నుంచి దిగుమతైన షిరాజ్ వైన్‌ను చూశాడు. నేడు సూరత్ వాసి అదే పేరున్న వైన్ కోసం కొండలు దాటాలి.

నాసిక్ సమీపిస్తుంటే దిండోరి నుంచే తోటలు మొదలవుతాయి. గంగాపూర్ జలాశయం కనబడగానే తెలుగువారికి ఓ చుట్టరికం గుర్తుకొస్తుంది. ఆ నీళ్లు గోదావరివి. పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలోని త్ర్యంబకంలో పుట్టిన నది ఇక్కడికింకా పసిపిల్ల. కందకుర్తి దగ్గర తెలంగాణలోకి అడుగుపెట్టే నాటికి గాని దానికి ఈడు రాదు.

ఈ ఒడ్డుకు వైన్ పటంలో చోటు తెచ్చింది సూలా. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో చదివి ఒరాకిల్‌లో పనిచేసిన రాజీవ్ సామంత్ ఉద్యోగం వదిలి 1990లలో కుటుంబ భూమికి తిరిగొచ్చారు. తినే ద్రాక్షే తెలిసిన నేలలో షెనిన్ బ్లాంక్, సావిన్యోఁ బ్లాంక్ నాటారు. తల్లి సులభ పేరు మీదుగా సూలా అని పెట్టారు. 2000లో తొలి సీసాలు వచ్చాయి, 2005లో టేస్టింగ్ రూమ్ తెరిచారు, ఆ తర్వాత కొన్నేళ్లకు సరస్సుకు ఎదురుగా రిసార్ట్ లేచింది. 2022 డిసెంబర్‌లో కంపెనీ స్టాక్ మార్కెట్‌లో నమోదైంది. ఇప్పుడు అదే జలాశయం చుట్టుపక్కల మరికొన్ని వైనరీలూ అతిథులకు గదులు, గ్లాసులు సిద్ధం చేస్తున్నాయి.

శనివారం మొదటి మజిలీ వైనరీ. జనవరి నుంచి మార్చి దాకా కోతల కాలం. యూరప్‌లో ద్రాక్ష కోసేది వేసవి చివర. ఇక్కడ వానలు వెళ్లాక కొమ్మలు కత్తిరిస్తే చలికాలపు పగటి ఎండకు తీపి, రాత్రి చలికి పులుపు నిలిచి పండు తయారవుతుంది. ఈ పళ్లు చిన్నవి, తోలు మందం, గింజలెక్కువ. హైదరాబాద్ అనాబ్-ఎ-షాహీ తిన్న నోటికి ఇవి ఆనవు. రసాన్ని చల్లబరిచే స్టీల్ ట్యాంకుల్లో ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. తెల్ల వైన్‌కు తోలు ముందే తీసేస్తారు. ఎర్రదానికి తోలుతో కలిపి పులియబెడతారు. రంగు, వగరు అందులోంచే వస్తాయి.

సాయంత్రం టేస్టింగ్. గ్లాసును కాడ దగ్గరే పట్టుకోవాలి, లేకుంటే చేతి వేడి వైన్‌కు తగులుతుంది. ముందు రంగు చూడాలి. గ్లాసును గుండ్రంగా తిప్పి వాసన పట్టాలి. తర్వాతే గుక్క, అదీ నోరంతా తిప్పి. మింగడం తప్పనిసరి కాదు, ఉమ్మడానికి పాత్ర ఉంటుంది. నురగ వైన్‌తో మొదలై తెలుపు, గులాబీ, ఎరుపు మీదుగా ఆలస్యంగా కోసిన పళ్లతో చేసిన తీపి వైన్‌తో ముగుస్తుంది. చాటుగా, గబగబా గ్లాసు ఖాళీ చేయడమే తెలిసిన వాళ్లకు మొదట ఇబ్బందిగా ఉండేది ఈ నిదానమే.

నేర్పేవారు జామ, పచ్చగడ్డి, మిరియాలు అంటూ వాసనలు చెబుతుంటే కొందరు నవ్వు ఆపుకుంటారు. తెలుగు పల్లెలో పెరిగినవారికి ఇది అంత వింత కాదు. తాటికల్లుకూ ఈతకల్లుకూ తేడా, తెల్లవారుజామున తీపిగా ఉన్నది ఎండెక్కేకొద్దీ పులిసే తీరు గీత కార్మికులు ఎప్పుడో చెప్పారు. ఇంగ్లిష్‌లో టానిన్ అని వివరించాల్సినదాన్ని తెలుగు నాలుక 'వగరు' అని ఒక్క మాటలో తేల్చేస్తుంది. చలికాలంలో తాపీ ఒడ్డున అమ్మే పొంక్, అంటే మన ఊసబియ్యం లాంటి లేత జొన్నలు, వెంట తెచ్చుకున్నవారు వాటిని చల్లటి తెల్ల వైన్‌తో కలిపి చూసి తలూపుతారు.

ఈ హాయి వెనుక ఒడిదుడుకులున్నాయి. 2008 తర్వాత ఆర్థిక మాంద్యం, ముంబై దాడుల దెబ్బకు హోటళ్లలో అమ్మకాలు పడిపోయి నాసిక్‌లో పలు వైనరీలు చేతులెత్తేశాయి. వైన్ ద్రాక్షను నేరుగా బజారులో అమ్ముకోలేని రైతులు తీగలు పీకి మళ్లీ తినే ద్రాక్ష వేశారు. అతిథి వచ్చి రెండు రోజులుండి రుచి తెలుసుకుని వెళ్లడం పరిశ్రమకు వినోదం కాదు, బతుకుతెరువు. గుజరాత్ కార్లకు అక్కడ స్వాగతం లభించడానికి కారణం అదే.

కానీ సూరత్ అంటే కార్లున్నవారు మాత్రమే కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వెళ్లిన నేత కుటుంబాలు లింబాయత్ వంటి పేటల్లో తరాలుగా మరమగ్గాలు నడుపుతున్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేంత సంఖ్య వారిది. పన్నెండు గంటల షిఫ్టు దిగిన కార్మికుడికి నాసిక్ అందదు. అందేది ప్లాస్టిక్ సంచిలో కట్టిన నాటుసారా. అది 2009లో అహ్మదాబాద్‌లో వంద మందికి పైగా, 2022లో బోటాద్ ప్రాంతంలో 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. 2016లో సూరత్ శివార్లలోనూ చావులు సంభవించాయి. అలాగని నిషేధం వద్దని ఆ పేటల్లోని ఇల్లాలిని ఒప్పించడం కష్టం. దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం, 1995లో ఎన్టీ రామారావు తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం, రెండేళ్లకే దాని సడలింపు... తాగుడు ఇంటిని ఏం చేస్తుందో, నిషేధం సరిహద్దుల్ని ఏం చేస్తుందో రెండూ తెలుగునేల చూసింది.

అందుకే ఈ యాత్రలో అనుభవజ్ఞులు పాటించే నియమం ఒకటుంది. టేస్టింగ్ శనివారమే ముగించాలి, ఆదివారం గ్లాసు ముట్టకూడదు. సీసా తేవడం సంగతి సరే, పర్మిట్ లేకుండా మత్తులో గుజరాత్‌లో అడుగుపెట్టడమూ నేరమే. 2017లో సవరించిన చట్టం ప్రకారం మద్యం రవాణాకు పదేళ్ల దాకా జైలు పడొచ్చు. డిసెంబర్ 31 వస్తే సరిహద్దుల్లో పోలీసులు శ్వాస పరీక్ష యంత్రాలతో నిలబడతారు.

ఆదివారం ఉదయం సరస్సు మీద మంచు విడిచేలోగా ఒక నడక, పోహాతో ఫలహారం, గోదావరి వైపు చివరి చూపు. మధ్యాహ్నానికి కార్లు మళ్లీ ఘాట్ రోడ్డెక్కుతాయి. డిక్కీలో నాసిక్ కిస్‌మిస్ పొట్లాలుంటాయి. ఎండబెట్టిన ద్రాక్షకు ఏ చెక్‌పోస్టులోనూ అడ్డు లేదు.