దయ్యం ఉందన్న ఇండ్లు

మనవాళ్లు కాపురాలుండే ఏ వీధికి పోయినా ఒక ఇల్లుంటుంది. తాళం తుప్పు పట్టి ఉంటుంది. గోడ నెర్రెలో రావి మొలక లేచి ఉంటుంది. పిల్లోళ్ల బంతి ఆ ప్రహరీలో పడితే పోయి తెచ్చుకోరు, కొత్త బంతి కొనుక్కుంటారు. 'ఆ ఇంట్లో ఉంది' అంటారు. ఏముంది అని అడిగితే మాట మారుస్తారు. అట్లాంటి ఇండ్లను గురించి ఈ నెల రాస్తున్నాను. అద్దె ఇండ్లలో బతుకు వెళ్లదీసే మనకు ఇది భయం సంగతే కాదు, డబ్బు సంగతి కూడా.

నాది పొన్నై. చిత్తూరు పక్క నీవా అని పిలిచే ఏరే మా దగ్గరికి వచ్చేసరికి పొన్నై ఏరు అవుతుంది, ఆ తర్వాత పోయి పాలాటిలో కలుస్తుంది. మా మాట కూడా ఆ ఏరు మాదిరే. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం. నేను స్పిన్నింగ్ మిల్లులో ముప్పై నాలుగేండ్లు పనిచేసి దిగినాను. మిల్లులో చేరిన మొదటి రోజే నాకు చెప్పినారు, దూది గోడౌనులో తెల్లచీర కట్టుకున్న ఆమె తిరుగుతుందని. రాత్రి షిఫ్టులో రెండు గంటలప్పుడు కండ్లు మూతలు పడతా ఉంటే, విప్పిన బేళ్ల దూది మీద ఒక్క నిమిషం ఒరిగితే ఎట్లుంటుందో మీకు తెలియంది కాదు. ఆ తెల్లచీర తిరిగినన్నాళ్లు ఒక్కడు పోయి ఒరగలేదు. చాన్నాళ్లకు ఒక వాచ్‌మన్ పని దిగిపోయే రోజు నవ్వుతా చెప్పినాడు, ఆమెకు చీర కట్టించింది తామేనని. అప్పట్నుంచి ఏ దయ్యం కథ విన్నా నేను మొదట అడిగేది ఒకటే. ఈ కథ వల్ల ఎవరికి ఏం మిగులుతుంది?

ఇప్పుడు అసలు సంగతి. మా చిన్న కూతురు కాపురం గుడియాత్తంలో. అల్లుడు లుంగీలు నేసే మగ్గాల దగ్గర పని చేస్తాడు. ఉన్న ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. అల్లుడు నెల రోజులు తిరిగి ఒక ఇల్లు చూసినాడు. రెండు గదులు, వంటిల్లు, వెనక దొడ్డి, దొడ్లో బావి. అద్దె 2,500. ఆ వీధిలో తక్కిన ఇండ్లు 5,000కు తక్కువ లేవు. ఎందుకింత తక్కువ అని విచారిస్తే, నాలుగేండ్లుగా ఎవరూ చేరలేదు, రాత్రిపూట రాట్నం తిరిగే శబ్దం వస్తుంది, అన్నారు.

మా ఇంటామె అన్నం మీద నుంచి లేచింది. "చావు జరిగిన ఇంట్లో నా బిడ్డను పెడతావా?" అనింది.

"చావు జరగని ఇల్లు యాడుంది? సరే, పోయి చూద్దాం. పోతా పోతా వేలూరు కోట కూడా చూసి పోదాం. చావులు ఎన్ని జరిగినాయో ఆడ చూద్దువు" అన్నాను. మనవడికి సెలవులు. కోటలో దయ్యాలున్నాయని బళ్లో ఎవరో చెప్పినారంట, వాడు నాకంటే ముందు చెప్పులేసుకున్నాడు.

పొన్నై నుంచి తిరువలం, కాట్పాడి మీదుగా వేలూరు చేరేసరికి పది దాటింది. కోట ఊరి నడుమనే ఉంది. చుట్టూ నీళ్ల కందకం, ఆ నల్లరాతి గోడలు చూస్తే ఎవరు కట్టినారో గాని చేతులు ఎంత నొప్పి పెట్టినాయో అనిపిస్తుంది. నాలుగు వందల ఏండ్లు దాటిన కోట, విజయనగరం రాజుల కాలంది.

గేటు దాటి చెట్టు కింద కూర్చోబెట్టి మా ఇంటామెకూ మనవడికీ నాకు తెలిసింది చెప్పినాను. మీకూ చెప్తాను, ఇది మన తెలుగువాళ్ల కథే.

1614లో వేంకటపతి రాయలు చనిపోయినాడు. విజయనగరం కడపటి రోజుల్లో గట్టిగా నిలబడిన రాజు ఆయన. ఆయన తర్వాత గద్దె అన్న కొడుకు శ్రీరంగరాయలకు వచ్చింది. అది గొబ్బూరి జగ్గరాయడికి గిట్టలేదు. తన మాట వినే పిల్లోణ్ణి గద్దె మీద పెట్టాలని శ్రీరంగరాయల్ని, ఆయన భార్యాబిడ్డల్ని ఈ కోటలో చెరబెట్టినాడు. వెలుగోటి యాచమ నాయుడు రాజు పక్షాన నిలబడినాడు. రాజు కొడుకు రామదేవుణ్ణి, పన్నెండేండ్ల పిల్లోణ్ణి, ఒక చాకలాయన సాయంతో కోట బయటికి దాటించినాడు. రాజును దాటించడం మాత్రం కుదరలేదు. రాజునూ, కోటలో మిగిలిన ఆ కుటుంబాన్నీ చంపేసినారు. తర్వాత తిరుచిరాపల్లి పక్క తోపూరు దగ్గర జరిగిన యుద్ధంలో జగ్గరాయడూ పోయినాడు, ఆ పిల్లోడు రాజయినాడు. రాజుల పేర్లు, నాయుడి పేరు పుస్తకాల్లో ఉన్నాయి. ప్రాణం పణంగా పెట్టి పిల్లోణ్ణి దాటించిన చాకలాయన పేరు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

ఇంకా ఉంది. 1806 జూలై 10, తెల్లారకముందు, ఈ కోటలోని సిపాయిలు ఇంగ్లీషు దొరల మీద తిరగబడినారు. 1857 కంటే యాభై ఏండ్ల ముందు మాట. బొట్టు పెట్టరాదు, గడ్డం పెంచరాదు, తోలు బిళ్ల పెట్టిన కొత్తరకం తలపాగా కట్టాల అని హుకుం వచ్చింది. కడుపు మండింది. టిప్పు సుల్తాన్ కొడుకులు, కూతుళ్లు అప్పటికి ఈ కోటలోనే కాపలా కింద ఉన్నారు. వాళ్లున్న మేడలకే టిప్పు మహల్, హైదర్ మహల్ అని పేర్లు. తెల్లవాళ్లు నూటికి పైగా చచ్చినారు. ఆర్కాటు నుంచి గిల్లెస్పీ అనే దొర గుర్రాల పటాలం తీసుకుని వచ్చి పొద్దెక్కేసరికి కోట పట్టుకున్నాడు. ఆనాడు మూడు వందలకు పైగా సిపాయిలు చచ్చినారు. అందులో నూరుమంది దాకా గోడకు నిలబెట్టి కాల్చబడినవాళ్లే. మద్రాసు పటాలాల్లో తెలుగువాళ్లు ఎంతమంది ఉండేవాళ్లో మీకు తెలుసు. వాళ్ల పేర్లూ ఏ గోడ మీదా లేవు.

కండి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు కూడా ఈడికి చేరినవాడే. సింహళంలో ఏలినా తెలుగు నాయకర్ల వంశం. 1815లో ఇంగ్లీషువాళ్లు పట్టుకుని, సముద్రం దాటించి, కుటుంబంతో సహా ఈ కోటలో ఉంచినారు. 1832లో మళ్లీ తన ఊరు చూడకుండానే పోయినాడు. పాలాటి గట్టున ముత్తు మండపం ఆయన సమాధే.

ఇంత విని మా ఇంటామె చుట్టూ చూసింది. కాలేజీ పిల్లోళ్లు గడ్డి మీద పడుకుని ఫోన్లు చూస్తున్నారు. ఒకామె టిఫిన్ డబ్బా విప్పి పెరుగన్నం పెడుతోంది. మనవడు ఉండలేక శెనక్కాయలమ్మే ముసలామెను అడిగేసినాడు, ఈడ దయ్యాలు లేవా అని. ఆమె పొట్లం కడతా అరవంలో చెప్పింది, "ఇంత జనంలో దానికి నిలబడను చోటేది నాయనా?"

లోపల జలకంఠేశ్వరుడి గుడికి పోయినాము. ఆ గుడి సంగతి అందరూ తెలుసుకోవాల్సింది. కోటలో జరిగిన కొట్లాటల్లో గుడి పాడుబడి, దేవుడు లేని గుడిగా వందల ఏండ్లు ఉండిపోయింది. కొన్నాళ్లు మందుగుండు సామాను కూడా అందులో పెట్టుకున్నారంట. లింగం మాత్రం సత్తువాచ్చేరిలో ఉండేది. 1981లో ఊరి జనం ఆ లింగాన్ని తెచ్చి మళ్లీ లోపల నిలిపినారు. అంతే, దీపం వెలిగింది, జనం వచ్చినారు. ఈరోజు ఆ మంటపంలో నిలబడితే పాడుబడిన గుడి అని ఎవరూ అనుకోరు. మా ఇంటామె గర్భగుడి ముందర చాలాసేపు నిలబడింది. బయటికి వచ్చినాక ఒక్క మాట అనింది, "సరే, ఇల్లు చూద్దాం పద."

పళ్లికొండ మీదుగా గుడియాత్తం పోయే బస్సెక్కినాము. గుడియాత్తం అంటే లుంగీలు, అగ్గిపెట్టెలు, బీడీలు. 1954లో కామరాజు ముఖ్యమంత్రి అయినాక ఉప ఎన్నికలో గెలిచింది ఈ ఊరి నుంచే. వైశాఖంలో గంగమ్మ సిరసు జాతర జరిగే ఊరు కూడా ఇదే.

ఇల్లు నేతగాళ్ల వీధి చివర ఉంది. అల్లుడు తాళం తీసినాడు. పాతకాలం పెంకుటిల్లు. ముందు గదిలో మగ్గం గుంట, మీద పలకలు పరిచి ఉన్నాయి. గబ్బిలాల వాసన. దూలాలు తట్టి చూసినాను, ఒక మూల చెదలు పట్టినాయి, తక్కినవి గట్టివే. దొడ్లో స్నానాల గది మీద రేకు ఒకటి మేకు ఊడి వేలాడుతా ఉంది, దాని మీదికి పక్కింటి కొబ్బరి మట్ట. గాలి వచ్చింది. కిర్రు, గిర్రు. మళ్లీ నిమ్మళం. మళ్లీ కిర్రు.

రింగు ఫ్రేముల రొదలో నా చెవులు సగం పోయినాయి. మిగిలిన సగానికి మాత్రం తిరిగే శబ్దం ఏదో, రాసుకునే శబ్దం ఏదో తెలుసు. రాట్నం తిరిగితే ఒక వరస ఉంటుంది. ఇది గాలి వస్తే వచ్చి, గాలి పోతే పోతోంది. అల్లుడు ఎక్కి రేకుకు రాయి పెట్టినాడు. శబ్దం ఆగింది.

అంతటితో కథ అయిపోయిందనుకుని బయటికి వస్తే, ఎదురింటి అవ్వ అరుగు మీద కూర్చోనుంది. మా ఇంటామె పోయి ఆమె పక్కన కూర్చునింది. ఆడోళ్లు ఇద్దరూ తెలుగులోనే మాట్లాడుకున్నారు. ఆ మాటల్లో అసలు సంగతి తెలిసింది.

ఆ ఇంట్లో ఉండింది కండెలు చుట్టే ఒకామె. మొగుడు తిరుప్పూరుకు పనికని పోయి తిరిగి రాలేదు. పిల్లల్లేరు. రాత్రిపగలు రాట్నం తిప్పి బతికేది. దగ్గు పట్టుకుంది. ఒక వానాకాలం రాట్నం శబ్దం ఆగిపోయింది. వీధిలో అందరికీ ఆ శబ్దం ఆగిన సంగతి తెలుసు. ఊరికి పోయిందేమో అనుకున్నారు. మూడో రోజు గాని ఎవరూ తలుపు తట్టలేదు. "నేను కూడా తట్టలేదు తల్లీ. రేపు పోదాంలే అనుకున్నా" అని ఆ అవ్వ కొంగుతో కండ్లు తుడుచుకుంది.

నాకు అప్పుడు అర్థమైంది, ఆ వీధికి ఆ శబ్దం ఎందుకు వినబడుతోందో. రేకు అందరి ఇండ్ల మీదా కొట్టుకుంటుంది. ఆగిపోయిన రాట్నాన్ని పట్టించుకోని చెవులకు, ఆ రేకే రాట్నంగా వినిపించింది. తలుపు తట్టలేదని చెప్పుకోవడం కష్టం. దయ్యం ఉందని చెప్పడం సులువు.

మన పల్లెల్లో పెద్దోళ్లు ఇంకో దారి పెట్టినారు. అట్లా పోయిన ఆడబిడ్డకు రాయి నిలిపి, పసుపు పూసి, పేరంటాలమ్మ అని ఏటా పొంగలి పెట్టేవాళ్లు. గుడియాత్తంలో జాతర కూడా అదే కదా. తల నరికించుకున్న రేణుకమ్మ సిరసును వీధివీధి తిప్పి, కౌండిన్య ఏటి గట్టున గుడిలో అమ్మవారి ఒంటికి అమర్చుతారు. అన్యాయంగా పోయిన ఆమెను ఊరు ఊరంతా గుర్తు పెట్టుకుంటే ఆమె తల్లి అవుతుంది. తాళం వేసి మాట మారిస్తే దయ్యం అవుతుంది. పోయిన ఆమె రెండు చోట్లా ఒక్కటే, మారేది మనమే.

మా ఇంటామె ఆరోజే షరతు పెట్టింది. ఇల్లు తీసుకుందాం, కానీ మొదట ఆమె పేరు చెప్పి దీపం పెట్టాల, వీధి అంతా రావాల. శ్రావణంలో పాలు పొంగించినారు. పలకలు తీసి మగ్గం గుంట శుభ్రం చేసి, అల్లుడు మగ్గం దించుకున్నాడు. ఎదురింటి అవ్వ మొదటి దీపం పెట్టింది. ఆమె పేరు గట్టిగా చెప్పింది. ఆమె బంధువులు ఎక్కడున్నారో తెలియదు కాబట్టి ఈడ రాయడం లేదు.

మీకూ తక్కువ అద్దెకు అట్లాంటి ఇల్లు దొరికితే నా మాట వినండి. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి పోయి చూడండి. దూలాలు తట్టండి, కరెంటు తీగలు చూపించుకోండి, బావికి మూత ఉందా చూడండి. పాములకు పుట్టలు ఉన్నాయేమో దొడ్డి అంతా తిరగండి. పాము కాటు నిజం, దాని ముందర దయ్యం ఎంత. ఆ తర్వాత పక్కింటి ముసలోళ్ల దగ్గర కూర్చుని, ఆ ఇంట్లో ఎవరున్నారు, ఎట్లా పోయినారు అని నెమ్మదిగా అడగండి. ఒంటిగా ఉండే మనిషి ఎవరైనా మీ వీధిలో ఉంటే, రోజూ వినబడే శబ్దం ఒక పూట వినబడకపోతే, ఆ పూటే తలుపు తట్టండి. అద్దె ఎంతో, ఎన్నాళ్లో కాగితం మీద రాయించుకోవడం కూడా మరవద్దండి.

ఈ కడపటి మాట ఎందుకు చెప్తున్నానంటే, పోయిన వారం అల్లుడు ఫోన్ చేసినాడు. ఇంటాయన వచ్చే నెల నుంచి 4,500 ఇమ్మంటున్నాడంట. దయ్యం పోయిందని ఆయనకూ తెలిసిపోయింది.