బాల్కొండ పిల్లల సింహళ యాత్ర



మా బాల్కొండ ప్రాంతంలో పాస్‌పోర్టు అనే మాటకు ఒకటే అర్థం. దుబాయి పోవడం. మస్కట్ పోయినా, సౌదీ పోయినా, కువైట్ పోయినా మా ఊళ్లలో దుబాయి పోయినట్టే లెక్క. కాబట్టి మా సంఘంలోని కాలేజీ పిల్లల వాలీబాల్ జట్టుకు శ్రీలంకలోని ఒక సంఘపు యౌవనస్థుల నుండి ఆహ్వానం వచ్చినప్పుడు, ఆడి వస్తారని చెప్పినా తలిదండ్రులకు నమ్మకం కుదరలేదు.

ముఖ్యంగా ఒక తల్లి ససేమిరా అన్నది. ఆమె బీడీలు చుట్టి కొడుకును ఇంటర్ చదివిస్తున్నది. మేము ఇంటికి వెళ్లి అడిగితే చేట పక్కకు జరిపి, "పాస్‌పోర్టంటేనే నాకు బుగులైతది అయ్యగారూ. పెనిమిటి పోయిండు, పెట్టెల వచ్చిండు. ఇగ కొడుకును గూడ పంపుమంటరా?" అన్నది. మా దగ్గర జవాబు లేదు. మోకరించి ప్రార్థించి వచ్చేశాము. పది దినాల తరువాత ఆమే కబురు పంపింది. "మీరు తోలుకపోయి మీరే తోలుకరావాలె" అన్న ఒక్క మాట మీద ఒప్పుకున్నది.

కోత పండుగ కానుకల్లో సంఘం కొంత ఇచ్చింది. పసుపు పండించే రైతులు కొంత వేశారు. దేవుని కృపవలన ఒక్క రూపాయి అప్పు లేకుండా తొమ్మిదిమంది పిల్లలతో జనవరి నెలలో బయలుదేరాము. శంషాబాద్ విమానాశ్రయం గుమ్మం ముందు నిలబడి 121వ కీర్తన చదువుకున్నాము. ఆ తల్లి కూడా వచ్చింది. ఆమె అక్కడికి రావడం అది రెండవసారి. మొదటిసారి శవపేటిక కోసం వచ్చింది.

చెన్నైలో విమానం మారితే కొలంబోకు గంటకు పైచిలుకు ప్రయాణం, అంతే. మన గడియారమూ వారి గడియారమూ ఒకటే. కటునాయకె విమానాశ్రయం నుండి ఊళ్లోకి పోయే దారిలో కొబ్బరి చెట్ల మధ్య ఎక్కడ ఖాళీ జాగా ఉన్నా రెండు గుంజలు, ఒక వల కనిపించాయి. శ్రీలంకకు జాతీయ క్రీడ వాలీబాలే. 1991లో అట్లా ప్రకటించారు. క్రికెట్ అనుకున్న మా పిల్లలు ఆశ్చర్యపోయారు.

ఈ ఆట పుట్టుక మన విశ్వాసులకు తెలియవలసినది. 1895లో అమెరికాలోని హోల్యోక్ పట్టణంలో వై.ఎం.సి.ఏ. వ్యాయామ శిక్షకుడైన విలియం మోర్గాన్ దీనిని కనిపెట్టాడు. బాస్కెట్‌బాల్‌లో తోపులాట ఎక్కువ. నడివయసు వారు ఆ దెబ్బలు తట్టుకోలేరని, మధ్యలో వల కట్టి, ఒకరినొకరు తాకకుండా ఆడే ఆటను ఏర్పాటు చేశాడు. 1916లో కొలంబో వై.ఎం.సి.ఏ. వారే దానిని సింహళానికి తెచ్చారు. సంధ్యవేళ మన పల్లెల్లో ఆడే ఈ ఆటకు మూలం ఒక క్రైస్తవ యువజన సంఘమని ఆ రాత్రి పిల్లలకు చెప్పాము.

మొదటి పోటీలో మూడు సెట్లూ ఓడిపోయాము. వారి షూటర్లు ఎగిరితే మావారి చేతులు వల పైకి అందలేదు. రెండవదీ పోయింది. మూడవ దానిలో సర్వీసు కుదిరి, బీడీల తల్లి కొడుకు లిఫ్టింగు బాగా చేయడంతో గెలిచాము. నాలుగవది మళ్లీ పోయింది. గెలిచినా ఓడినా రెండు జట్లు కలిసి ప్రార్థన చేసి, ఒకే బల్ల దగ్గర కొబ్బరి సంబల్‌తో అన్నం తిన్నాము.

పిల్లలను ఇద్దరిద్దరిగా విశ్వాసుల ఇండ్లలో ఉంచారు. ఆ అబ్బాయి ఉన్న ఇంట్లో ఒక అవ్వ, ఇద్దరు చిన్న మనుమలు. వారి తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తున్నది. లంకలో ఆడవారు కూడా అట్లా గల్ఫ్ దేశాలకు పోతారు. ఆ అవ్వకు తెలుగు రాదు, వీడికి సింహళం రాదు. అయినా గోడ మీది ఫోటో చూపించి ఆమె ఏడ్చిందని, తానూ ఏడ్చానని వాడు మాకు చెప్పాడు.

పోటీలయ్యాక దక్షిణాన గాలేకు వెళ్లాము. సముద్రంలోకి పొడుచుకొచ్చినట్టున్న పెద్ద కోట అది. పోర్చుగీసువారు మొదలుపెట్టగా డచ్చివారు రాతితో గట్టిగా కట్టారు. లోపల 1755లో కట్టిన డచ్చి గుడి ఉన్నది. బాల్కొండ గుట్ట మీది ఖిల్లా చూచి పెరిగిన పిల్లలు, ఇక్కడ కోటగోడకే అలలు కొట్టడం చూచి కదలలేదు.

అక్కడ కూర్చుని వారికొక సంగతి చెప్పాము. 1813 డిసెంబరులో థామస్ కోక్ అనే వెస్లియన్ సేవకుడు కొందరు మిషనరీలతో ఇంగ్లండు నుండి ఓడలో బయలుదేరాడు. 1814 మే 3న, తీరం చేరకముందే హిందూ మహాసముద్రంలో ప్రభువునందు నిద్రించాడు. మిగిలినవారు బొంబాయి చేరి, అక్కడి నుండి ఆ ఏడాదే ఈ గాలే రేవులో దిగారు. వారిలో జేమ్స్ లించ్ అనే ఆయన 1817లో మద్రాసుకు వచ్చాడు. ఆ మిషనే 19వ శతాబ్దం చివర నైజాం రాజ్యంలోకి వచ్చింది. ఆ మిషన్ వారే 1915లో మన డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి మొదలుపెట్టారు. 1924 క్రిస్మసు దినాన మెదక్ మహాదేవాలయాన్ని ప్రతిష్ఠించారు. అంటే మన ఇంటికి వచ్చిన సువార్త ఈ రేవు మీదుగా నడిచి వచ్చినదే.

ఆ అబ్బాయి సముద్రం వైపు చూస్తూ, "ఆ కోక్ దొరను యాడ పాతిపెట్టిండ్రు అయ్యగారూ?" అని అడిగాడు. ఓడ మీద నుండి సముద్రంలోకే విడిచారని చెప్పాము. చాలాసేపటికి, "మా నాయన మొకమైతే మేము చూసుకున్నం" అన్నాడు. మా నోట మాట రాలేదు. మిగతా పిల్లలు కూడా ఊరకున్నారు.

మరునాడు రైలులో కాండీ కొండలెక్కాము. సొరంగాలు, తేయాకు తోటలు, ఊరి నడుమ చెరువు. అక్కడ ఏలిన చివరి రాజులు మధుర నాయక వంశపువారు, తెలుగు మూలాల వారు. కడపటి రాజు శ్రీవిక్రమ రాజసింహను 1815లో ఆంగ్లేయులు పట్టుకొని రాయవేలూరుకు పంపివేశారు. ఆయనా తిరిగి స్వదేశం చూడలేదు.

చివరి మజిలీ అనురాధపురం జిల్లాలోని కుడాగమ. తరతరాలుగా పాములాడించి, సోదె చెప్పి ఊరూరా తిరిగిన తెలుగువారు అక్కడ స్థిరపడ్డారు. సింహళంలో వారిని అహికుంటకలు అంటారు. క్రైస్తవులూ ఉన్నారు, బౌద్ధులూ ఉన్నారు. వారి తెలుగు యాస వేరు. సగం అర్థమయ్యేది, సగం చేతులతో చెప్పుకునేవారము. అయితే ఒక ముసలాయన చెంబు అందించి "నీళ్లు" అన్నప్పుడు మా పిల్లలు ఒక్కసారిగా కేకవేశారు. సాయంత్రం అక్కడి పిల్లలతో కలిసిపోయి రెండు జట్లుగా ఆడారు. ఎవరు గెలిచారో ఎవరూ లెక్కపెట్టలేదు.

తిరుగు విమానంలో ఆ అబ్బాయి తన పాస్‌పోర్టు పుటలు తిప్పి, "దుబాయికి గూడ ఇదే సరిపోతదా?" అని అడిగాడు. మా గుండె గుభేలుమంది. వారి తల్లికి మేము ఏమి చేసినట్టు? సరిపోతుందని నిజమే చెప్పాము. డిగ్రీ చదువుమని కూడా చెప్పాము. వాడు నవ్వి పాస్‌పోర్టు జేబులో పెట్టుకున్నాడు.

శంషాబాద్‌లో ఆ తల్లి కటకటాల దగ్గర నిలబడి ఉన్నది. వాడు బంతి చంకన పెట్టుకొని బయటికి వచ్చాడు. ఆమె వాడి మొకం రెండు చేతులతో తడిమి, "వచ్చినవా బిడ్డా" అన్నది. ఇంకేమీ అనలేదు.

ప్రియులారా, వాడు రేపు గల్ఫ్ పోతాడో పోడో మాకు తెలియదు. మీ పిల్లలు పోవలసి వస్తే సందర్శన వీసా మీద పనికి పంపే ఏజెంటును నమ్మవద్దు. ప్రభుత్వ లైసెన్సు ఉన్నదో లేదో చూడండి. ప్రవాసీ భారతీయ బీమా చేయించండి. అన్నిటికంటె ముందు, పోయినవారిని సంఘం మరచిపోకూడదు.

మా సంఘంలో ఇప్పుడు ప్రతి ఆదివారం ఆరాధనలో గల్ఫ్‌లో ఉన్నవారి పేర్లు చదివి ప్రార్థిస్తున్నాము. మొదటి ఆదివారం ఆ తల్లి లేచి నిలబడి, "కొలంబో అవ్వ బిడ్డ పేరు గూడ రాయుండ్రి అయ్యగారూ" అన్నది. కొడుకు పేరు చెప్పాడు. పట్టికలో అది చివర ఉన్నది. ప్రతి వారం చదువుతున్నాము.