మినుకులు లెక్కపెట్టే కన్ను

మన సంఘం విందులలో "మీరు దేనికి డాక్టరండీ?" అని అడిగేవారికి జవాబు చెప్పడం నాకు కొంచెం కష్టం. గుండెకు కాదు, పిల్లలకు కాదు, కత్తి పట్టను. "న్యూక్లియర్ మెడిసిన్" అనగానే ఎదుటివారు పళ్ళెంతో సహా ఒక అడుగు వెనక్కి వేస్తారు. అంచేత ఈమధ్య "మినుకులు లెక్కపెడతాను" అంటున్నాను. అదేమిటో రాసి ఇమ్మన్నారు సంపాదకులు.

కొన్ని పదార్థాల మీద అణుధార్మిక కిరణం పడితే, పడినచోట ఒక్క క్షణం వెలుగు పుట్టి ఆరిపోతుంది. ఇంగ్లీషులో దీన్ని సింటిలేషన్ అంటారు. పండితులు ఏదైనా పెద్ద సమాసం కట్టవచ్చు గాని, మినుకు అనే మాట మనకు ఉండగా ఆ శ్రమ దేనికి? 1903లో విలియం క్రూక్స్ జింకు సల్ఫైడు పూసిన తెర మీద ఈ మినుకులను భూతద్దంలోంచి చూశాడు. తరువాత మాంచెస్టరులో రూథర్‌ఫర్డు దగ్గర పనిచేసిన గైగర్, మార్స్‌డెన్ 1909లో పలచటి లోహపు రేకుల మీదికి ఆల్ఫా కణాలను వదిలి, వెనక్కి తిరిగి వచ్చినవాటిని మినుకుల లెక్కన పట్టుకున్నారు. పరమాణువు నడుమ కేంద్రకం ఉందని రూథర్‌ఫర్డు 1911లో చెప్పింది ఆ లెక్కల ఆధారంతోనే. ఆ పని చేసేవారు ముందు చాలాసేపు చీకటి గదిలో కూర్చుని కళ్ళను అలవాటు చేసుకోవాలి. తీరా లెక్కపెట్టడం మొదలుపెట్టాక కాసేపటికే కన్ను అలిసిపోతుంది.

కంటికి బదులు వచ్చినది ఫోటోమల్టిప్లయరు గొట్టం. వెలుగు కణం ఒకటి దాని ముందు పొరను తాకితే ఒక ఎలక్ట్రాను ఊడిపడుతుంది. అది ఒక లోహపు రేకును కొట్టి మరి నాలుగింటిని లేపుతుంది, ఆ నాలుగూ ఇంకో రేకును కొడతాయి. పది రేకులు దాటేసరికి ఒకటి పది లక్షలవుతుంది. మన పుకార్ల పద్ధతే. అయితే ఈ గొట్టం మూల సంగతిని మార్చదు. కోలారు బంగారు గనులలో, భూమికి రెండు కిలోమీటర్లకు పైగా లోతున, ఇలాంటి గొట్టాలతోనే ప్లాస్టిక్కు పలకలలోని మినుకుల కోసం కాపువేసి, మన శాస్త్రజ్ఞులు బ్రిటను, జపాను శాస్త్రజ్ఞులతో కలిసి 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. మా చిత్తూరు జిల్లా సరిహద్దుకు అంత దగ్గరలో జరిగిన సంగతి నాకు అమెరికా వచ్చాక, అదీ పరీక్షకు చదువుతూ ఉంటే తెలిసింది.

మినుకు పుట్టిందని తెలిస్తే సరిపోదు, ఎక్కడ పుట్టిందో తెలియాలి. వైద్యానికి అదే ముఖ్యం. ఆ చిక్కు విడదీసినవాడు డాక్టరు కాదు, బర్క్‌లీలో హాల్ యాంగర్ అనే ఇంజనీరు (మన సంఘంలో మెజారిటీ వర్గం సంతోషించవచ్చు). 1958లో ఆయన ప్రకటించిన కెమేరాలో ఒకే ఒక సోడియం అయొడైడు స్ఫటికం, దాని వెనక ఏడు గొట్టాలు. చీకట్లో పెరట్లో కొబ్బరికాయ పడిందనుకోండి. చుట్టూ పడుకున్న ఏడుగురిని లేపి ఎవరికి ఎంత గట్టిగా వినబడిందో అడిగితే పడినచోటు చెప్పవచ్చు. యాంగర్ చేసినదీ అంతే. ఏ గొట్టానికి ఎంత వెలుగు అందిందో చూసి, సరాసరి కట్టి, ఒక చుక్క పెడతాడు. అలాంటి చుక్కలు లక్షలు చేరితే బొమ్మ.

గామా కిరణాన్ని గాజు కటకం వంచలేదు. అంచేత స్ఫటికం ముందు వేల రంధ్రాల సీసపు పలక పెట్టి, తిన్నగా వచ్చినవాటినే లోపలికి రానిస్తాం. పదివేలలో ఒకటో రెండో దాటుతాయి. ఇంత పిసినారి జల్లెడ ఏ వంటింట్లోనూ ఉండదు.

మిత్రుడొకరి తల్లిగారికి నడుము నొప్పి. నాలుగేళ్ళ కిందట గుంటూరులో రొమ్ము కేన్సరుకు ఆపరేషను అయింది. (వారి అనుమతితోనే రాస్తున్నాను.) టెక్నీషియం కలిపిన మందు నరంలోకి ఎక్కించాం. ఎముక కొత్తగా కట్టుకునే చోటుకల్లా అది చేరుతుంది. మూడు గంటలు నీళ్ళు తాగుతూ కూర్చుని, తరువాత ఆవిడ కెమేరా కింద పడుకున్నారు.

"బాబూ, నా ఒంట్లోంచి వెలుగు వస్తోందా?"

"కంటికి కనబడనిది, పెద్దమ్మగారూ. ఈ పెట్టెలో రాయిని తాకితే అక్కడ మినుకుమంటుంది."

"మరి మనవణ్ణి ఎత్తుకోవచ్చా?"

"ఇవాళ్టికి కాస్త దూరంగా ఉంచండి. రేపు ఎత్తుకోండి."

టెక్నీషియం ఆరు గంటలకు సగమవుతుంది. రేపు ఇదే వేళకు పదహారో వంతు, మూత్రంలో పోయేది పోగా ఇంకా తక్కువ. ఆవిడ తృప్తిపడ్డారు. నాకు తృప్తి లేదు. తెర మీద రెండు మోకాళ్ళూ, నడుము ఎముకలలో ఒకటీ నల్లగా తేలాయి. ఎక్కడ అన్న ప్రశ్నకు కెమేరా జవాబు చెప్పింది. ఎందుకు అన్నదానికి చెప్పదు. కేన్సరు పాకినా చుక్కే, ఎముక అరిగినా చుక్కే, విరిగి అతుక్కుంటున్నా చుక్కే. బయట కొడుకు నిలబడి ఉన్నాడు.

"గుంటూరులో ఇలాంటి పరీక్ష చేశారా?" అని అడిగాను. చేశారట, ఫిల్ములు తెనాలిలో ట్రంకు పెట్టెలో ఉన్నాయట. మన పెద్దవాళ్ళు పెట్టె నిండా ఆవకాయ తెస్తారు, ఫిల్ములు మటుకు తీసుకురారు. దయచేసి తెప్పించుకోండి. ఏ యంత్రమూ ఇవ్వలేనిది పాత బొమ్మ ఇస్తుంది. ఆ రాత్రి తమ్ముడు ట్రంకు వెతికి, ఫిల్మును కిటికీకి ఆనించి ఫొటో తీసి ఫోనులో పంపాడు. ఊచలు అడ్డుపడ్డాయి. మళ్ళీ తీయించాను. అదే ఎముక, అదే పక్క, అంతే చుక్క. నాలుగేళ్ళుగా కదలనిది కేన్సరయ్యే అవకాశం బాగా తక్కువ. తరువాతి వారం చేసిన ఎమ్మారై కూడా అరుగుదలే అంది.

సంక్రాంతికి ఆవిడ తెనాలి వెళ్ళిపోయారు. మోకాళ్ళలో చుక్కల గురించి చెప్పబోతే, "అవి నాకు కెమేరా లేకుండానే తెలుసులే నాయనా" అన్నారు.